పునరుత్థానం తర్వాత యేసు కనబడిన తీరు ఒక్కో సువార్తలో ఒక్కోలా ఉంది. క్రైస్తవులు దీన్ని ఎలా సమర్థిస్తారు?

మాది చిత్తూరు, సంఘంలోనే పుట్టి పెరిగాను. తిరుపతిలో చదువుకునే రోజుల్లో నా గదిలో ఉన్న మిత్రుడు ఎస్వీ యూనివర్సిటీలో చరిత్ర ఎం.ఏ. చేసేవాడు. అతనూ ఇదే అడిగాడు. అన్నీ కలుస్తాయని నిరూపిస్తానంటూ తెల్లకాగితం మీద గీతలు గీసుకుని కూర్చున్నాను.

సమాధి దగ్గరికి వెళ్లిన స్త్రీలు ఎందరు, దూతలు ఒకరా ఇద్దరా అన్నవి ఎలాగో సర్దేశాను. గలిలయ దగ్గర ఇరుక్కుపోయాను. మత్తయిలో పదకొండుమంది శిష్యులూ గలిలయ కొండ మీద ఆయనను చూస్తారు. లూకాలో యెరూషలేములోనే కనబడి, కాల్చిన చేప తిని, శక్తి పొందేవరకు పట్టణంలోనే ఉండమంటారు. యేసు 40 రోజుల పాటు శిష్యులకు కనబడ్డాడని అపొస్తలుల కార్యాల్లో ఉంది, దాన్ని తెచ్చి మధ్యలో పెట్టాను. "లూకా సువార్త ఒక్కటే చదివినవాడికి ఆ 40 రోజులు తెలుస్తాయా?" అన్నాడు. తెలియవు. ఇక మార్కు సంగతి చెప్పనే అక్కరలేదు: సినాయి, వాటికన్ ప్రాచీన ప్రతుల్లో ఆ సువార్త 16వ అధ్యాయం 8వ వచనంతోనే (16:8), యేసు కనబడకుండానే ఆగిపోతుంది, స్త్రీలు భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదని. సండేస్కూల్లో మాకు ఇది ఎవరూ చెప్పలేదు.

ఆ ఏడాది ఈస్టరుకు అతన్ని చిత్తూరు తీసుకెళ్లాను. తెల్లవారుజామున సున్నం వేసిన సమాధుల మధ్య, కొవ్వొత్తుల వెలుగులో పాస్టరు అయ్యగారు 1 కొరింథీయులు 15 చదివారు. సువార్తలకన్నా ముందే, క్రీ.శ. 55 ప్రాంతంలో అపొస్తలుడు పౌలు రాసిన ఉత్తరం అది. నా బలమైన ఆధారం అదే అనుకునేవాణ్ని. అతను మాత్రం ఒక్క క్రియను పట్టుకున్నాడు. "కేఫాకు, అంటే పేతురుకు 'కనబడెను', ఐదువందల మందికి 'కనబడెను', పౌలుకూ 'కనబడెను'. దమస్కు దారిలో పౌలు చూసింది వెలుగు కదా? శిష్యుడు తోమా ముట్టుకోవాలనుకున్న యేసు గాయమూ అదీ ఒకటేనా?"

దీనికి నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. నేను తిరిగి అడిగింది స్త్రీల గురించి. ఆ కాలంలో వారి సాక్ష్యానికి విలువ తక్కువ; శిష్యులే వాటిని వెఱ్ఱిమాటలనుకున్నారని లూకా రాశాడు. కల్లబొల్లి కథ అల్లేవాడు మగ్దలేనే మరియను ముందు నిలబెడతాడా? "సుగంధద్రవ్యాలతో సమాధికి వెళ్లేది స్త్రీలేగా, కథ అక్కడే మొదలవుతుంది" అన్నాడు. మంచి మాటే, కానీ నాకు చాలలేదు. కొండ మీద ఆయనను చూసి కూడా "కొందరు సందేహించిరి" అని మత్తయి దాచకుండా రాయడం నన్ను అంతకన్నా ఎక్కువగా ఒప్పించింది.

మీరు చదవదలిస్తే నాలాగా కాగితం మీద కలపకండి. ముందు పౌలు, తర్వాత 16:8 వరకు మార్కు, ఆపైన మిగతా మూడూ విడివిడిగా చదవండి.