బీఎస్సీ తరువాత తీరప్రాంత, నదీముఖ పరిశోధనలోకి వెళ్లాలంటే ఎక్కడ చదవాలి?

మన దగ్గర మొదట చూడవలసింది విశాఖపట్నం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర శాస్త్రానికీ, సముద్ర జీవవనరులకూ పీజీ చదువులున్నాయి. గోవా కేంద్రంగా పనిచేసే జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రమూ ఆ ఊళ్లోనే ఉంది. తమిళనాడులోని అన్నామలై విశ్వవిద్యాలయం సముద్ర జీవశాస్త్ర కేంద్రమైతే పరంగిపేటలో, వెల్లార్ నదీముఖం ఒడ్డునే ఉంది. క్లాసు ముగించుకుని నమూనాలకు వెళ్లేంత దూరం!

పీహెచ్‌డీకి సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవారికిచ్చే ఫెలోషిప్) తెచ్చుకోవడం ఉత్తమం. భూ, వాతావరణ, సముద్ర శాస్త్రాలకు అందులో ప్రత్యేక పేపరు ఉంది. జీవశాస్త్రం వారు తమ పేపరే రాయవచ్చు.

అంశం కోసం దూరం వెళ్లనక్కరలేదు. గౌతమీ గోదావరి మొగనే తీసుకోండి. వానాకాలంలో వరద నీరు ఉప్పునీటిని సముద్రంలోకి నెట్టేస్తుంది. వేసవిలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం తగ్గగానే సముద్రపు పోటు నదిలోకి ఎగబాకుతుంది. ఒకే చోట, ఒకే ఏడాదిలో రెండు వేర్వేరు ప్రపంచాలు. లవణత మారితే ప్లవకాలు (నీటిలో తేలియాడే సూక్ష్మజీవులు) మారతాయి, వాటిని తినే చేపపిల్లలూ మారతాయి. పక్కనే కోరింగ మడ అడవులు.

కంప్యూటర్ మోడళ్లు, ఉపగ్రహ సమాచారం మీద ఆసక్తి ఉంటే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) శిక్షణ కోర్సులు చూడండి. సముద్రం లేని ఊళ్లో సముద్ర కేంద్రమేమిటని నవ్వకండి, సునామీ హెచ్చరికలు వెలువడేది అక్కడి నుంచే.

ఒక్క మాట: గణాంకశాస్త్రం ఇప్పుడే నేర్చుకోండి. బురదలో దిగడం తరువాతైనా అలవాటవుతుంది.