మిర్చి యార్డులో పనిచేసే తమ్ముడికి

హన్మకొండ

తమ్ముడూ,

మిర్చి సీజన్‌ల వరంగల్ ఎనుమాముల యార్డులో దగ్గని హమాలీ ఉండడు. అందుకే నీ దగ్గును నువ్వు లెక్కచెయ్యవేమోనని రాస్తున్న. ఘాటుకొచ్చిన దగ్గు పని దిగి, మొఖం కడుక్కున్నంక మెల్లగ తగ్గుతది. రాత్రి పండుకున్నంక కూడా పట్టుకుంటే, పని లేని రోజు కూడా వస్తే, దాన్ని మిర్చి మీదికి నెట్టకు.

రెండు వారాలు దగ్గితే టీబీ పరీక్ష అని గోడల మీద రాసే మాట అందరి కోసం. మన లెక్క హెచ్ఐవీ ఉన్నవాళ్లకు ఆ గడువు లేదు. దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గుడు: నాలుగింట్ల ఒక్కటున్నా, ఒక్కరోజుదైనా, హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్టీ సెంటర్‌ల చెప్పాలె. వాళ్లు అడగకపోతే నువ్వే చెప్పు.

కళ్లె పరీక్ష చాలామందికి తప్పేది ఇక్కడనే. డబ్బాల ఉమ్మి వేసి ఇస్తరు, టీబీ లేదని వస్తది. పొద్దున లేవంగనే ఒట్టి నీళ్లతో పుక్కిలించు. ఇంట్ల కాదు, బయట గాలి ఆడే చోట నిలబడు. రెండుసార్లు నిండా గాలి పీల్చి వదిలి, మూడోసారి ఛాతీ లోపలి నుంచి దగ్గు. చిక్కటి కళ్లె కనీసం 2 మిల్లీలీటర్లు ఉండాలె. ఇమ్యూనిటీ తగ్గినోళ్ల కళ్లెల క్రిములు తక్కువ, మైక్రోస్కోపుకు దొరకవు. క్రిములు తక్కువున్నా పట్టే సీబీనాట్ పరీక్ష గానీ ట్రూనాట్ గానీ చేస్తున్నరా అని అడుగు. ఎక్స్‌రే మంచిగున్నదని కూడా నిమ్మళపడకు.

ఈ పరీక్షలకు ముందు మెడికల్ షాపుల లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ కొని మింగకు. అది టీబీని కొన్నాళ్లు అణచిపెడుతది, జబ్బు బయటపడేసరికి ఆలస్యమైతది. ఆర్ఎంపీ దగ్గర స్టెరాయిడ్ సూది వేయించుకుంటే రెండు రోజులు హాయి, లోపల జబ్బుకు పండుగ.

టీబీ ఉన్నదని తేలితే నీ హెచ్ఐవీ గోళీ టీఎల్‌డీ ఆపొద్దు. టీబీ మందు రిఫాంపిసిన్ అందులోని డోల్యుటెగ్రవిర్‌ను ఒంట్లో తొందరగ కరగదీస్తది. అందుకే టీఎల్‌డీ వేసుకున్న 12 గంటలకు ఇంకో 50 మిల్లీగ్రాముల డోల్యుటెగ్రవిర్ ఇస్తరు, రిఫాంపిసిన్ అయిపోయినంక ఇంకో రెండు వారాలు కూడా. ఆ రెండో గోళీ రాశిరా లేదా చూసుకో. మూత్రం ఎర్రగ వస్తే బెదరకు, అది మందు రంగు. సర్కారు టీబీ రోగుల పేర్లు రాసే నిక్షయ్‌ల పేరెక్కితే తిండికి నెలకు 1000 రూపాయలు ఖాతాల పడతయి. టీబీ లేదని తేలితే, రాకుండ వేసే మందు అడుగు: ఐసోనియాజిడ్ 300 మిల్లీగ్రాములు, రోజూ, 6 నెలలు, తోడుగ బీ6. కాళ్లు తిమ్మిరెక్కినా, కండ్లు పచ్చబడినా అదే రోజు చూపించుకో. అన్ని రోజులు కల్లు, సారా ముట్టకు.

సీడీ4, అంటే రోగాన్ని ఎదిరించే రక్తకణాల లెక్క, 200 కంటే తక్కువున్నోళ్లకు ఇంకో భయం ఉన్నది: పీసీపీ అనే న్యుమోనియా. కళ్లె ఉండదు, పొడిదగ్గు. మెట్లెక్కితే దమ్ము, వారం వారం పెరుగుతది. కూర్చున్నప్పుడు ఆక్సిజన్ మంచిగనే చూపిస్తది. అందుకే నడిచినంక మళ్లీ ఆక్సీమీటర్ వేలికి పెట్టి చూడు. 4 పాయింట్లు పడితే తెల్లారేదాక ఆగకు, ఎంజీఎం ఆసుపత్రికి పో. ఇది రాకుండా ఆపేది చవకైన కోట్రైమోక్సజోల్ గోళీ. మంచిగున్నమని దాన్ని సొంతంగ మానేస్తరు, అదే తప్పు. ఒంటిమీద దద్దులొస్తే మాత్రం ఆపి, డాక్టర్‌కు చూపించు.

ఇన్‌హేలర్ రాసే ఛాతీ డాక్టర్‌కు నీ మందుల పేర్లన్నీ చెప్పు. మొదటి హెచ్ఐవీ మందులు పనిచెయ్యకుంటే ఇచ్చే, రిటోనవిర్ ఉన్న సెకండ్ లైన్ మీద ఉంటే ఇన్‌హేలర్‌ల ఉండే ఫ్లూటికాసోన్, బ్యుడెసొనైడ్ ఒంట్ల పేరుకపోయి మొఖం ఉబ్బుతది, షుగర్ పెరుగుతది. బెక్లోమెథసోన్ నయం. చెప్పడానికి సిగ్గుపడితే నష్టం నీకే; డాక్టర్ ఆ సంగతి బయటపెట్టొద్దని 2017 హెచ్ఐవీ చట్టమే ఉన్నది.

బీడీ గురించి ఎంత చెప్పినా తక్కువే. ఆకు ఆరిపోకుండ మాటిమాటికి గుంజాలె, పొగ ఇంకా లోపలికి పోతది. వైరల్ లోడ్, అంటే రక్తంల వైరస్ లెక్క, కనపడకున్నా మన ఊపిరితిత్తులు తొందరగ ముసలివైతయి. పొగ తోడైతే ఇంకా తొందరగ.

కండువా పెద్ద దుమ్మునే ఆపుతది. ఎన్95 మాస్కు కట్టు, ముక్కు మీద పట్టీ ఒత్తు. మిర్చి యార్డు కాబట్టి ఎందుకు కట్టినవని ఎవరూ అడగరు.

బస్తాలు తూచే కాంటా మీద నెలకోసారి నువ్వు కూడా నిలబడు. ప్రతిసారి అదే కాంటా, చెప్పులు విడిచి. ఆ అంకె ఏఆర్టీ పుస్తకం వెనక రాసుకొని, గోళీలకు పోయినప్పుడు చూపించు.

నీ అన్న