ఆటలో ఊళ్లు తిరిగే అబ్బాయి

ప్రశ్న: మావాడు డిగ్రీ రెండో సంవత్సరం. కంప్యూటర్‌లో గేమ్ పెట్టుకుంటాడు గానీ ఎవరితోనూ పోట్లాడడు, గేమ్‌లో ఇచ్చే పనులు పూర్తి చెయ్యడు. గుర్రమెక్కి ఊళ్లు తిరుగుతాడు, గుళ్ల దగ్గర ఆగి ఫొటోలు తీస్తాడు. అడిగితే “ఈజిప్టు చూస్తున్నానమ్మా” అంటాడు. ఇదేం ఆట మేడమ్? నాకు టెన్షన్‌గా ఉంది.
— ఒక తల్లి, ఆమదాలవలస

జవాబు: టెన్షన్ పడకండమ్మా. విజయనగరంలో చాలా ఏళ్లు పిల్లలకు చరిత్ర చెప్పినదాన్ని. మా మేనల్లుడి కంప్యూటర్‌లో ఆ ఈజిప్టు నేనూ తిరిగాను. మీవాడు ఆడేది ‘అస్సాసిన్స్ క్రీడ్ ఆరిజిన్స్’ అయి ఉంటుంది. ఈజిప్టును ఏలిన గ్రీకు రాజులు టాలమీల నాటి అలెగ్జాండ్రియా నగరం, నైలు నది, పిరమిడ్లు అన్నీ అందులో ఉన్నాయి. ఇలా తిరిగేవాళ్ల కోసమే 2018లో ‘డిస్కవరీ టూర్’ అని విడిగా పెట్టారు. అందులో కొట్లాటలు ఉండవు, 75 గైడెడ్ టూర్లు ఉంటాయి. మమ్మీలను ఎలా తయారుచేసేవారో, రొట్టె ఎలా చేసేవారో నడుస్తూ తెలుసుకోవచ్చు.

అయితే ఊరికే చూస్తే సరిపోదు. అక్కడ ప్రతి రాయీ ఎవరో ఆలోచించి పెట్టిందే. ఆ టూర్‌లోని బడిలో ఆడపిల్లలు, మగపిల్లలు కలిసి చదువుతుంటారు. ఆ కాలంలో అలా లేదని, కావాలనే మార్చామని తయారుచేసినవాళ్లే అక్కడ చెప్పారు. అలా ఒప్పుకోవడం నాకు బాగా నచ్చింది.

మన దేశం సంగతికొస్తే, 2017లో ‘అన్‌చార్టెడ్: ద లాస్ట్ లెగసీ’ అనే గేమ్ వచ్చింది. హొయసలుల పాత నగరమంటూ పడమటి కనుమల్లో, జలపాతాల మధ్య కొండంత విగ్రహాలు నిలబెట్టారు. కర్ణాటకలో ఆ రాజుల గుళ్లున్న బేలూరు, హళేబీడు వెళ్లినవాళ్లకు తెలుసు, హొయసల శిల్పుల గొప్పతనం ఎత్తులో లేదు. బలపం రాయి మీద చెక్కిన నగల్లో, జడల అల్లికలో ఉంది. ముఖం ఆనించి చూడాల్సిన పనితనాన్ని దూరం నుంచి నోరు తెరుచుకుని చూసేదిగా మార్చేశారు. నాకు బాధ కలిగింది. మీవాడు ఫొటో తీసే ముందు ఇలాంటివి అడగాలి. దీన్ని ఇంత పెద్దగా ఎందుకు కట్టారు? ఇన్ని ఇళ్లుంటే కొన్నిటి తలుపులే ఎందుకు తెరుచుకుంటాయి?

పరీక్షలప్పుడు మాత్రం టైము పెట్టండి.

వీలైన ఆదివారం ఇద్దరూ శ్రీముఖలింగం వెళ్లండి. వంశధార ఒడ్డున గంగరాజుల నాటి గుడి, మీకు దూరమేమీ కాదు. మధుకేశ్వరుని గుడి గోడల మీది శిల్పాలు చూపించి, దీన్ని గేమ్‌గా చేస్తే ఏది ఉంచుతావు, ఏది వదిలేస్తావు, ఎందుకు అని అడగండి. వాడు చెప్పింది రాసి పంపండమ్మా, నాకు చదవాలని ఉంది.