శుక్రవారం పొద్దున్నే కడుపునొప్పి

చిన్న తరగతుల చదువు గురించి పాఠకులు అడిగే ప్రశ్నలకు, విశాఖపట్నంలో 31 ఏళ్లు ప్రాథమిక బడిలో పాఠాలు చెప్పి రిటైరైన టీచరు జవాబులు.

ప్రశ్న: టీచర్ గారూ, మా బాబు ప్రైవేటు స్కూల్లో రెండో తరగతి. ప్రతి శుక్రవారం తెలుగు డిక్టేషన్ పెడతారు. పదికి ఐదు దాటవు. తప్పు రాసిన మాటలు పదేసి సార్లు రాసుకు రమ్మంటారు. గురువారం రాత్రి నుంచే వాడికి టెన్షన్. శుక్రవారం లేవగానే కడుపునొప్పని ఏడుపు. మా ఆయన ట్యూషన్ పెట్టిద్దామంటున్నారు. పక్కింటి పాపకి పదికి పది వస్తున్నాయి. వీడికి చదువు రాదేమోనని భయంగా ఉంది. నోట్‌బుక్కు పేజీలు ఫొటో తీసి పంపుతున్నాను.
– ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, మీరు ఆ పేజీలు పంపి మంచి పని చేశారు. మార్కులు మాత్రమే రాసి ఉంటే నేను కూడా ఏదో ధైర్యం చెప్పి ఊరుకునేదాన్ని.

ఆ శుక్రవారం ఇచ్చిన మాటలు ఇవి: పలక, మేక, ముగ్గు, చెట్టు, కొబ్బరి, అన్నం, బియ్యం, పుస్తకం, సముద్రం, విశాఖ. మొదటి ఐదూ మీ వాడు చక్కగా రాశాడు. తర్వాత 'అనం', 'బియం', 'పుసకం', 'సముదం' అని ఉంది. ఈ నాలుగూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. అక్షరాలున్నాయి, గుణింతాలున్నాయి, సున్నా ఉంది. లేనిదల్లా ఒత్తు. పోనీ ఒత్తులే రావనుకుంటే ముగ్గు, చెట్టు, కొబ్బరి ఎలా రాశాడు?

గ, ట, బ ఒత్తులుగా కిందికి దిగినా ఇంచుమించు అదే రూపంలో ఉంటాయి. గ తలకట్టు వదిలేస్తుంది, అంతే. న, య, త, ర అలా కాదు, కిందికి వెళ్లేసరికి రూపమే మారిపోతుంది. మ, ల కూడా అంతే. 'అన్నం'లో కింద ఉన్న ఆ చిన్న గుర్తు కూడా న అని పిల్లాడు చూసి పోల్చుకోలేడు. పక్కన కూర్చుని ఎవరో ఒకరు చూపించాలి. మీ వాడికి రానివి నాలుగు ఒత్తులు. దానికి చదువు రాదని పేరు పెట్టకండమ్మా.

'విశాక' అని రాశాడు చూశారా, అది చూసి నాకు సంతోషమే వేసింది. మనలో ఆ ఖ ఒత్తి పలికేదెవరు? విన్నది విన్నట్టు రాశాడు. చెవి బాగా పనిచేస్తోందన్నమాట. ఆ మాట కళ్లతో చూసి చూసి గుర్తు పెట్టుకోవాల్సిందే. ఊరి పేరే కాబట్టి ప్రతి వీధిలోనూ ఏదో ఒక బోర్డు మీద కనిపిస్తుంది.

ఇక పదేసి సార్లు రాయడం. మీ రెండో ఫొటోలో 'పుస్తకం' మొదటి రెండు వరుసల్లో సరిగ్గానే ఉంది. మూడో వరుసలో త ఒత్తు చిన్న గీత అయింది. ఐదో వరుసకి ఆ గీత కూడా లేదు. అక్కణ్నుంచి చివరిదాకా 'పుసకం' ఆరుసార్లు ఉంది. పై వరుస చూసి కింద దించుకుంటూ పోయాడు బిడ్డ. అంటే తప్పునే ఆరుసార్లు సాధన చేశాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ పిల్లల చేత ఇలాగే రాయించాను. తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

వారానికి ఒక్క ఒత్తు పెట్టుకోండి. ఈ వారం న. స్టీలు పళ్లెంలో బొంబాయి రవ్వ పల్చగా పరిచి వేలితో రాయించండి. "పైన న, కిందా న. కిందిది ఎలా మారిందో చూడు" అని మీరు ఒకసారి రాసి చూపించండి. అన్న, వెన్న, జొన్న, నిన్న, మొన్న. రోజుకి పది నిమిషాలు, అంతకు మించి వద్దు. స్టాపులో నిలబడినప్పుడు కూర్మన్నపాలెం బస్సు వస్తే బోర్డు మీద న ఒత్తు వెతకమనండి. దొరికినప్పుడు వాడి మొహం చూడండి! వచ్చే వారం య, ఆపై వారం త. ర ఆఖరున. అది అక్షరాన్ని ఎడమ పక్కనుంచి చుట్టుకుంటుంది, చెయ్యి తిరగడానికి కొంచెం టైము పడుతుంది.

ట్యూషన్ వద్దు. సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక స్కూలుకెళ్లి టీచరుతో తీరిగ్గా మాట్లాడండి. రోజూ అన్ని నోట్‌బుక్కులు దిద్దే మనిషికి ఈ నాలుగు మాటల మధ్య చుట్టరికం కనబడి ఉండదు. పేజీ చూపించి, "మా వాడికి ఈ ఒత్తులు రాలేదండీ, ఇంట్లో చేయిస్తున్నాం, పదేసి సార్లు రాయించడం కొన్నాళ్లు ఆపుతారా?" అనండి. కేంద్ర విద్యాశాఖ 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం రెండో తరగతి దాకా అసలు హోంవర్కే ఉండకూడదు. 3 నుంచి 5 తరగతులకైనా వారానికి 2 గంటలు దాటకూడదు. ఈ మాట మాత్రం వెళ్లగానే తీయకండి, మీ మాట వినకపోతేనే తీయండి.

ఆ కడుపునొప్పి నాటకం కాదమ్మా. భయం పట్టుకున్న పిల్లలకి కడుపులో నిజంగానే నొప్పి పుడుతుంది. సెలవు రోజుల్లో కూడా వస్తుంటే డాక్టరుకి చూపించండి. శుక్రవారం సాయంత్రం "ఎన్నొచ్చాయిరా?" అని అడగడం మీరూ, మీ ఆయనా ఇద్దరూ మానేయండి. "ఏ మాట కష్టంగా అనిపించింది నాన్నా?" అని అడగండి. ఆ జవాబులో మీకు వచ్చే వారం పని దొరుకుతుంది.

ప్రశ్న: మా పాప ఒకటో తరగతి. ఎడమ చేత్తో రాస్తోంది. ఇప్పుడే మార్పించమని మా అత్తగారు అంటున్నారు.
– మధురవాడ

జవాబు: మార్పించకండి. బెంచీలో ఎడమ చివర కూర్చోబెట్టమని టీచరుకి చెప్పండి, పక్క పిల్ల మోచెయ్యి తగలకుండా ఉంటుంది. అత్తగారికి నా మాటగా చెప్పండి, అక్షరం గుండ్రంగా రావడానికి ఏ చెయ్యయినా ఒకటే.

ప్రశ్న: నేను షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. మనవరాలు ప్రభుత్వ బడిలో మూడో తరగతి. శనివారం నో బ్యాగ్ డే అని ఖాళీ చేతులతో వెళ్తుంది, వచ్చి "ఆడుకున్నాం తాతా" అంటుంది. వారంలో ఒక రోజు చదువు గంగపాలే కదా?
– మల్కాపురం

జవాబు: అన్నయ్య గారూ, మీ అనుమానం కొట్టిపారేసేది కాదు. పిల్లల్ని ఊరికే వదిలేస్తే ఆ రోజు పోయినట్టే. పట్టించుకునే టీచరుంటే మాత్రం, మిగతా ఐదు రోజుల్లో దొరకనిది ఆ రోజు దొరుకుతుంది.

ఈ పేరు పుట్టక ముందు నుంచీ మా తరగతిలో శనివారం మధ్యాహ్నం పుస్తకాలు మూయించేదాన్ని. మాది హార్బరు దగ్గరి బడి. నేల మీద సుద్దముక్కతో చేపల బజారు గీసేవాళ్లం. కాగితం చేపలు, చింతపిక్కల డబ్బులు. కోనాం ఒక పక్క, చందువా ఒక పక్క, నెత్తళ్లు కుప్పగా. ఒక పిల్ల ఉండేది, వాళ్లమ్మ గంపలో చేపలు పెట్టుకుని వీధుల్లో అమ్మేది. నోట్‌బుక్కులో ఆ పిల్ల తీసివేతలన్నీ తప్పులే. ఆ రోజు అది కొట్టు దగ్గర కూర్చుంది. నేను కొనడానికి వెళ్లి, "కోనాం కిలో 240 అయితే ముప్పావు ఎంత?" అన్నాను. చెయ్యి కదపకుండా "నూట ఎనభై" అంది. ఎలా చేశావంటే, "అరకిలో నూట ఇరవై, పావు అరవై. కలిపేస్తే సరి కదేటి, టీచర్!"

భిన్నాలు నేను దానికి ఇంకా చెప్పనే లేదు. సోమవారం నుంచి దాని తీసివేతలన్నీ చిల్లర లెక్కలుగా మార్చాను. "ఐదొందల నోటిచ్చాను, 180 తీసుకుని మిగతా ఇవ్వు" అనేదాన్ని. నోటితో చెప్పించి, తర్వాత అదే పలక మీద రాయించాను. పలక మీదికి సరిగ్గా రావడానికి రెండు వారాలు పట్టింది. ఆ శనివారం లేకపోతే దానికి లెక్కలు రావనే నేను అనుకుని ఉండేదాన్ని.

మనవరాలు "ఆడుకున్నాం" అంటే అక్కడితో వదలకండి. ఏం ఆట, ఎవరు లెక్క రాశారు, నువ్వేం కొలిచావు, అని అడగండి. నాలుగు శనివారాలు అడిగినా చెప్పడానికి ఏమీ లేకపోతే అప్పుడు హెడ్మాస్టరు గారితో మాట్లాడండి. వెళ్తూ వెళ్తూ, "ఒక శనివారం నేనొచ్చి పిల్లలకి కొలతలు చెప్తాను" అని కూడా అనండి. మీరు ఇనుము కొలిచి, కోసి, బిగించిన మనిషి. 1948లో మన షిప్‌యార్డు నుంచి నీళ్లలోకి దిగిన జలఉష ఓడ కబురు మీ నోటితో వింటే ఆ పిల్లలు కదలకుండా కూర్చుంటారు. టేపు జేబులో ఉంచుకోండి, వెంటనే తీయకండి. ముందు ఎవరి జానతో వాళ్ల చేత టీచరు బల్ల కొలిపించండి. ఒకరికి తొమ్మిది, ఇంకొకరికి పదకొండు వస్తాయి. నాదే రైటంటే నాదే రైటని వాళ్లలో వాళ్లే దెబ్బలాడుకుంటారు. టేపు అప్పుడు బయటికి తీయండి.