మంద కాచిన కుక్కకు ఇంట్లోనూ ఒక కాపలా చోటు కావాలి

ఆరుబయట మందకు కాపలాగా పెరిగిన పెద్ద కుక్క ఇంట్లో నిలవకుండా తలుపు దగ్గరే తచ్చాడుతోందని, రాత్రంతా మొరుగుతోందని, ఆ అలవాటును మాన్పించే మార్గం చెప్పమని అడిగారు. మాన్పించాలన్న ఆలోచనను ముందుగా పక్కన పెట్టమని నా మనవి. గ్రేట్ పైరనీస్, కంగాల్, మరెమ్మా వంటి జాతులను మనుషులు తరతరాలుగా పెంచుకున్నదే, కాపరి దగ్గర లేని వేళ, ముఖ్యంగా రాత్రిపూట, తమంతట తామే నిర్ణయించుకుని జీవాలను కాపాడతాయని. ఆస్ట్రేలియాలోని మిడిల్ ఐలాండ్‌లో నక్కల బారి నుంచి చిన్న పెంగ్విన్లను కాచే పనిని 2006లో మరెమ్మా కుక్కలకే అప్పగించారు. అంతటి బాధ్యత నెరవేర్చే జీవిని మొండిదని నిందించడం అన్యాయం.

మా గ్రేట్ పైరనీస్ ఆడకుక్క మేకల మధ్య పెరిగింది. మందను అమ్మేశాక, తుంటి కీళ్లు కూడా పట్టేస్తూ ఉండడంతో దానిని ఇంట్లోకి తెచ్చాము. గడప దాటగానే అది నాలుగు కాళ్లూ ఎడంగా చాచి, వేళ్లు విప్పి, నున్నటి టైల్స్‌ను గోళ్లతో పట్టుకోవాలని ప్రయత్నిస్తూ అక్కడే ఆగిపోయింది. గోళ్లు గీసుకున్న చప్పుడుకు తానే ఉలిక్కిపడింది; ఇష్టమైన తిండి చూపించినా మెడ చాచిందే తప్ప అడుగు వేయలేదు. ఇంటిని చూసి బెదిరిందని అందరూ అన్నారు. వంగి పాదాలు చూస్తే, వేళ్ల సందుల్లో పెరిగిన బొచ్చు అరికాలి మెత్తలను పూర్తిగా కప్పేసి ఉంది. ఆ బొచ్చు కత్తిరించి, అడుగున రబ్బరు ఉన్న చాపలను గడప నుంచి వరుసగా పరిచాక, అది వాటి మీదుగా మెల్లగా నడిచి, మేము మూలలో వేసిన పరుపును పట్టించుకోకుండా, వాకిలీ ప్రహరీ గేటూ రెండూ కనిపించే కిటికీ కింద పడుకుంది. పరుపును అక్కడికే జరిపాము. మీరు కూడా మీ కుక్క ఎంచుకున్న చోటును దానికే వదిలేయండి.

ఇక మొరుగుడు విషయానికి వస్తే, మనిషి చెవికి సుమారు 20,000 హెర్ట్జ్ వరకే వినిపిస్తుంది, కుక్కకు దాదాపు 45,000 వరకు వినిపిస్తుంది. కాబట్టి అది ఊరికే మొరుగుతోందని మనం తేల్చేయలేము. మంచం మీద నుంచి అరిస్తే మనమూ గొంతు కలిపామని అది అనుకుంటుందని నా గట్టి నమ్మకం. లేచి, కిటికీ దగ్గరికి వెళ్లి, దానితో పాటు బయటికి నిదానంగా చూసి, ప్రతిసారీ ఒకే స్వరంతో "చూశాను, ఇక చాలు" అని చెప్పి వెనక్కి పిలవండి. వస్తే చిన్న ముక్క ఏదైనా పెట్టండి. మా కుక్క కొంతకాలానికి నా మాట పూర్తికాక ముందే బరువుగా నిట్టూర్చి పడుకోవడం మొదలుపెట్టింది. పడుకునే ముందు పట్టీ కట్టి ప్రహరీ వెంట ఒక చుట్టు తిప్పి, ప్రతి మూలా తీరిగ్గా వాసన చూడనిస్తే రాత్రి మెలకువలు ఇంకా తగ్గుతాయి.

ఇంట్లో ఉక్కగా ఉంటుందని బొచ్చు మొత్తం గొరిగించమని సలహా ఇచ్చేవారి మీద నాకు నిజంగా కోపం వస్తుంది. ఈ జాతులకు రెండు పొరల బొచ్చు ఉంటుంది. పై పొర ఎండ నుంచి చర్మాన్ని కాపాడుతుంది, గొరిగాక అది మునుపటిలా పెరగకపోవచ్చు కూడా. లోపలి పొరలో రాలిన బొచ్చును దువ్వెనతో తీసేసి, చాపలు లేని చల్లటి నేల కొంత వదిలితే అదే వెళ్లి పడుకుంటుంది. బోనులో పెట్టి తలుపు వేయమనే సలహానూ, తిరగడానికి అలవాటుపడిన ఇంత పెద్ద కుక్క విషయంలో నేను ఒప్పుకోను.

ఇవన్నీ చేసినా అది పడుకోవడానికి జంకుతూ, చల్లటి వేళల్లో కూడా రొప్పుతూ తిరుగుతుంటే, శిక్షణ సంగతి ఆపి ముందు పశువైద్యునితో కీళ్లు పరీక్ష చేయించండి.