చంద్రుడు మనకు ఎన్ని ఆమడల దూరం?

సందేహం: పిల్లల కోసం ఖగోళం మీద ఒక వ్యాసం రాస్తున్నాను. చంద్రుడు 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు కదా, తెలుగుదనం కోసం దీన్ని ‘48,050 యోజనాలు’ అనో ‘48,050 ఆమడలు’ అనో రాయవచ్చా? యోజనం అంటే 8 కిలోమీటర్లని ఒకచోట, 8 మైళ్లని మరోచోట చదివాను. ఏది సరైనది? అలాగే నా వ్యాసంలో ‘రెండు మూరెడు తాడు’ అని రాస్తే ఒక మిత్రుడు తప్పన్నారు. నిజమేనా?

సమాధానం: రాయకండి. తెలుగు మాట వాడాలన్న మీ తపన మంచిదే. కానీ కిలోమీటరు ఎక్కడైనా ఒకటే, యోజనం అలా కాదు. ఎవరి యోజనమో చెప్పకుండా దాన్ని కిలోమీటర్లలోకి మార్చడం కుదరదు.

ఆర్యభటుడు యోజనాన్ని మనిషి నిలువుతో కొలిచాడు. 8,000 నిలువులు ఒక యోజనం. ఆ లెక్కన భూమి వ్యాసం 1,050 యోజనాలన్నాడు. సూర్యసిద్ధాంతం అనే పాత ఖగోళ గ్రంథం అదే వ్యాసాన్ని 1,600 యోజనాలంటుంది. ఈనాటి కొలత 12,742 కిలోమీటర్లు. దీన్ని 1,600తో భాగిస్తే యోజనానికి దాదాపు 8 కిలోమీటర్లు వస్తాయి, 1,050తో భాగిస్తే 12 దాటుతాయి. పైగా ఇలా భాగించామంటే, ఆ గ్రంథకర్త భూమిని సరిగ్గా కొలిచాడని ముందే ఒప్పేసుకున్నట్టు. ఇక భాస్కరాచార్యుడి గణిత గ్రంథం లీలావతిలో 4 మూరలు ఒక దండం, 2,000 దండాలు ఒక క్రోశం, 4 క్రోశాలు ఒక యోజనం. మూరను మన వాడుక ప్రకారం 18 అంగుళాలనుకుంటే ఆ యోజనం 14 కిలోమీటర్లు దాటిపోతుంది.

మన ఆమడ సంగతీ ఇంతే. నాలుగు క్రోసులు ఒక ఆమడ. క్రోసుకు రెండు మైళ్లని మనవాళ్లు వేసే లెక్కలో అది 8 మైళ్లు, అంటే దాదాపు 13 కిలోమీటర్లు. ఇప్పుడు మీ చంద్రుణ్నే తీసుకోండి. ఒక లెక్కలో 48 వేల యోజనాలు, ఇంకోదానిలో 30 వేలు, లీలావతి కొలతతో అయితే 26 వేల పైచిలుకు! పిల్లలకు వీటిలో ఏది చెబుతారు?

అయినా పాత యోజనాలు పనికిరానివని అనుకోకండి. ఆర్యభటుడి లెక్కలో చంద్రుడి వ్యాసం 315 యోజనాలు, సూర్యసిద్ధాంతంలో 480. మళ్లీ రెండూ వేరే. కానీ చంద్రుడి అంకెను ఆ గ్రంథంలోనే ఉన్న భూమి అంకెతో భాగించి చూడండి: 315ను 1,050తో భాగించినా, 480ని 1,600తో భాగించినా వచ్చేది 0.3. నేటి కొలతల్లో ఈ నిష్పత్తి సుమారు 0.27. యోజనం ఎంతన్నది తేలకపోయినా నిష్పత్తి చెక్కుచెదరలేదు! నాకు ఇది ఎంతో ఇష్టమైన విషయం, మీ వ్యాసంలో దీనికి తప్పకుండా చోటివ్వండి. పాత గ్రంథం మాట చెప్పేటప్పుడు ‘ఆర్యభటుడి లెక్కలో ఇన్ని యోజనాలు’ అని, ఆ యోజనాన్ని యోజనంగానే ఉంచండి. నేటి దూరం చెప్పేటప్పుడు కిలోమీటర్లే వాడండి. పిల్లల కళ్లకు కట్టాలంటే, భూమి అంత గోళాలు 30 వరసగా పేర్చినంత దూరం అనండి.

ఆమడను మాత్రం వదులుకోవద్దు. ‘గొడవలంటే ఆమడ దూరంలో ఉంటాడు’ అన్నప్పుడు టేపు పట్టుకుని కొలిచేవాళ్లెవరూ ఉండరు. అక్కడ ఆ మాట బలం వేరు. ‘పదమూడు కిలోమీటర్ల దూరంలో ఉంటాడు’ అంటే వాక్యం చచ్చిపోతుంది. ‘బారెడు పొద్దెక్కింది’ కూడా అలాంటిదే. రెండు చేతులూ చాపినంత పొడవును ఆకాశానికి పట్టి పొద్దును చెప్పిన మాట అది.

ఇక మూరెడు. మీ మిత్రుడు చెప్పింది నిజమే. మూర అనేది కొలత, మూరెడు అంటే ఒక మూర మేర. ‘ఎడు’లోనే ఆ ‘ఒకటి’ ఉంది కాబట్టి దాని ముందు రెండు, మూడు చేరవు. జానెడు, బారెడు, దోసెడు, గుప్పెడు అన్నిటికీ ఇదే వరస. గుప్పెడు శనగలు, రెండు గుప్పిళ్ల శనగలు. బజారులో పూలమ్మిని అడిగేదీ ‘రెండు మూరలివ్వు’ అనే కదా. ఈ ‘ఎడు’ పరాయి మాటలకూ అతుకుతుంది గానీ అన్నిటికీ కాదు. గ్లాసెడు నీళ్లు, బకెట్టెడు నీళ్లు అంటాం, లీటరెడు అనం. చేతితోనో పాత్రతోనో కొలిచేవాటికే అది నప్పుతుంది. మీ వ్యాసంలో ‘రెండు మూరల తాడు’ అని దిద్దుకోండి.