బీడీ మానాక గుండె దడ: ముందు ఆ మాత్ర సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 46. ఎర్రగుంట్ల దగ్గర బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తాను. చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉంది. ఇరవై ఏళ్లు బీడీలు తాగి, నెల కిందట మానేశాను. దగ్గు తగ్గకపోగా పెరిగింది. ఊపిరితిత్తులు పూర్తిగా శుభ్రపడటానికి ఎన్నాళ్లు పడుతుంది? రోజూ బెల్లం తింటే త్వరగా బాగవుతాయా? ఆయాసానికి మందుల షాపులో ఇచ్చే థియోఫిలిన్ మాత్ర, దాంతోపాటు చిన్న తెల్ల మాత్ర ఒకటి చాలాకాలంగా రోజూ వేసుకుంటున్నాను. ఈమధ్య రాత్రిళ్లు గుండె దడ, వికారం ఉంటున్నాయి.
– ఒక పాఠకుడు, కడప జిల్లా

జవాబు: బీడీ మానేశారు, చాలా మంచి పని చేశారు. ఉబ్బసం ఉన్న మనిషి తనకు తాను చేసుకోగల మేలు ఇంతకు మించి లేదు. కానీ మీరు చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన దడ, వికారమే నన్ను కలవరపెడుతున్నాయి.

పొగ తాగేవారిలో కాలేయం థియోఫిలిన్‌ను త్వరగా ఖర్చు చేసేస్తుంది. బీడీ మానిన వారం పది రోజుల్లో ఆ వేగం తగ్గిపోతుంది. దాంతో నిన్నటిదాకా సరిపోయిన అదే మాత్ర ఇప్పుడు రక్తంలో ఎక్కువగా నిలుస్తుంది. దడ, వాంతులు, చేతుల వణుకు, నిద్ర లేకపోవడం మొదలవుతాయి. మరీ ఎక్కువైతే మూర్ఛ కూడా రావచ్చు. విరేచనాలకని షాపులో అడిగి సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ కూడా వేసుకుంటే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. మీ దడకు కారణం ఇదేనని చూడకుండా చెప్పలేను. గుండె సమస్య కూడా కావచ్చు, ఈసీజీ తీయాలి. ఈరోజే డాక్టరును కలవండి, అప్పటిదాకా థియోఫిలిన్ ఇంకొకటి వేసుకోకండి. ఈలోపు ఆయాసం వస్తే నేరుగా ఆసుపత్రికే వెళ్లండి. మాట పూర్తి చేయలేనంత ఆయాసమైతే 108కి ఫోన్ చేయండి.

ఆ తెల్ల మాత్ర స్టెరాయిడ్ అయి ఉండవచ్చు. అలాగైతే దాన్ని మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకూడదు, క్రమంగా తగ్గించాలి. పేరైనా తెలియని మందును నెలల తరబడి ఎలా మింగుతున్నారు? షాపులో అబ్బాయి మీ ఛాతీకి స్టెతస్కోపు పెట్టి చూశాడా? ఉబ్బసానికి అసలు వైద్యం రోజూ పీల్చే ఇన్‌హేలర్. అలవాటైపోతుందన్న భయం వద్దు. పొగ తాగేవారిలో ఆ మందు సరిగా పని చేయదు, మానేశాక బాగా పని చేస్తుంది. ఇప్పుడు మొదలుపెడితే ఫలితం కనిపిస్తుంది.

బీడీ మానిన కొత్తలో కొందరికి దగ్గు, కళ్లె పెరగడం మామూలే. శ్వాసనాళాల్లోని సన్నని నూగు మళ్లీ కదులుతూ కళ్లెను పైకి తోస్తుంది. కొన్ని వారాల్లో ఊపిరి తేలికపడుతుంది, దగ్గు నెమ్మదించడానికి నెలలు పట్టవచ్చు. అప్పటికే పాడైపోయిన గాలి సంచులు మాత్రం తిరిగి రావు. ఊపిరితిత్తుల శక్తి ఎంత మిగిలిందో స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి గట్టిగా ఊదించి చేసే పరీక్ష, చెబుతుంది. రెండు వారాలు దాటిన దగ్గు కాబట్టి కళ్లె పరీక్ష, ఎక్స్‌రే కూడా చేయించుకోండి. క్షయ పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.

బెల్లం ఊపిరితిత్తుల్లోని రాతి పొడిని కడగదు. మధుమేహం లేకపోతే ఇష్టంగా తినండి, మందుగా కాదు. పనిలో మూతికి తువ్వాలు చాలదు, దుమ్మును ఆపే మాస్కు కావాలి. బండను తడిపి కోయమని మేస్త్రీని అడగండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ రెండు మాత్రల స్ట్రిప్పులూ జేబులో వేసుకెళ్లండి.